చర్చ: న్యూ ఆర్లీన్స్‌కు మాఫియాను సిసిలీవాళ్లు తెచ్చారా, ఆ ఊరే పెంచుకుందా?

బయూబాబు:

పోయిన నెల మా అత్తయ్యా మామయ్యా వస్తే న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్లాను. మేముండేది అదే లూసియానా రాష్ట్రంలో, బాటన్ రూజ్‌లో, గంటన్నర దారి. ఫ్రెంచ్ క్వార్టర్‌లో రాత్రిపూట నడిపించి కథలు చెప్పే టూర్ ఒకటి బుక్ చేశా. గైడ్ కుర్రాడు నోటి మాటకారి. ఓ మూల మమ్మల్ని ఆపి, "అమెరికాలో మాఫియా మొదటి అడుగు పెట్టింది ఈ రేవులోనే" అన్నాడు. 1890లో ఈ ఊరి పోలీస్ చీఫ్‌ని సిసిలీ (ఇటలీకి దక్షిణాన ఉన్న ద్వీపం) మాఫియా కాల్చి చంపిందనీ, జనం కోపం పట్టలేక జైలు బద్దలుకొట్టి పదకొండు మందిని చంపేశారనీ చెప్పాడు. మా మామయ్య మంచి యాక్షన్ సినిమా చూసినట్టు విన్నాడు.

సోమవారం ఆఫీసులో ఈ సంగతి నా కొలీగ్‌కి చెప్పాను. వాళ్ల ముత్తాతది సిసిలీలో పలెర్మో నగరం దగ్గర పల్లె. ఆవిడ మొహం మాడిపోయింది. "అందులో చాలామందిని కోర్టు దోషులని అనలేదు, అది చెప్పాడా?" అంది. చెప్పలేదు. తమాషా ఏంటంటే, ఆవిడే ఇంకో రోజు లంచ్‌లో కార్లోస్ మార్సెల్లో అనే పాత మాఫియా బాస్ గురించి మాట్లాడుతూ, వాళ్లింట్లో ఆయన పేరు ఊరి పెద్ద పేరులా చెప్పుకునేవాళ్లని నవ్వుతూ అంది.

నా ప్రశ్న ఇదీ. మాఫియా నిజంగా సిసిలీ నుంచి ఓడ దిగి వచ్చిందా, లేక ఈ ఊరి రాజకీయాలు, రేవు డబ్బు దాన్ని తయారుచేసి పేరు మాత్రం వాళ్లకు పెట్టాయా? తెలిసినవాళ్లు రాయండి. సినిమా డైలాగులు వద్దు.


గల్లీ_గొంతు:

ఇందులో చర్చేముంది అన్నా. నిప్పు లేనిదే పొగ రాదు. జుసెప్పె ఎస్పొజిటో అనేవాడు సిసిలీలో బందిపోటు ముఠా మనిషి, ఒక ఇంగ్లీషువాణ్ని ఎత్తుకుపోయి డబ్బు గుంజిన కేసులో వాడి పేరుంది. అక్కడ పోలీసులు వెంటపడితే పారిపోయి వచ్చి ఎక్కడ దాక్కున్నాడు? న్యూ ఆర్లీన్స్‌లో. 1881లో అక్కడే దొరికాడు. పట్టుకున్న డిటెక్టివుల్లో ఈ డేవిడ్ హెన్నెసీ ఒకడు, అంటే తర్వాత చీఫ్ అయి చచ్చిపోయినాయనే. పలెర్మో చుట్టుపక్కల నిమ్మతోటలకు కాపలా పేరుతో డబ్బు దండుకోవడం అప్పటికే ఉంది. ఆ నిమ్మకాయలు వచ్చింది ఈ రేవుకే. నిమ్మకాయలు వచ్చిన ఓడలో వాటి కాపలాదారులు రారా?


పాతపేపర్లు:

ఎస్పొజిటో సంగతి నిజం. కానీ ఒక దొంగ ఒక ఊళ్లో దాక్కుంటే ఆ ఊళ్లో ఉన్న వాడి ప్రాంతంవాళ్లంతా ముఠా అవుతారా? గైడ్ చెప్పిన కథలో ఏం ఎగిరిపోయిందో చెప్తాను. పెద్దదవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందు గొడవ దేనిమీద? ఓడల్లో వచ్చే పండ్లు దించే పని మీద. సెంట్రల్ అమెరికా నుంచి అరటి గెలలు వచ్చేవి. వాటిని పాడవకుండా దించాలంటే మనుషులు తెల్లవారుజామునే సిద్ధంగా ఉండాలి, ఆ మనుషులను సప్లై చేసే మేస్త్రీల చేతిలో పవర్ ఉంటుంది. ఆ కాంట్రాక్టు మొదట ప్రొవెంజానో కుటుంబానిది, 1880ల చివర్లో మాట్రాంగాల చేతికి వెళ్లింది. 1890 మేలో ఎస్ప్లనేడ్ వీధిలో పని ముగించుకుని బండి మీద ఇంటికి పోతున్న మాట్రాంగా మనుషుల మీద కాల్పులు జరిగాయి. టోనీ మాట్రాంగాకి కాలు పోయింది. ప్రొవెంజానోల మీద నేరం రుజువైంది, తర్వాత కేసు మళ్లీ విచారించాలన్నారు. హెన్నెసీ ప్రొవెంజానోల వైపు మొగ్గు చూపేవాడని ఊళ్లో మాట. ఆ రెండో విచారణలో ఆయన సాక్ష్యం చెప్తాడని కూడా అనుకున్నారు. ఈలోపు 1890 అక్టోబర్ 15 రాత్రి, ఇంటి దగ్గర, జిరోడ్ వీధిలో ఆయన్ని కాల్చారు.

గైడ్లందరూ చెప్పే సీన్ తర్వాతది. కెప్టెన్ ఓకానర్ పరుగెత్తుకొచ్చి "ఎవరు కాల్చారు డేవ్?" అంటే హెన్నెసీ ఇటాలియన్లను తిట్టే ఒక మాట గొణిగాడట. అది విన్నది ఓకానర్ ఒక్కడే. హెన్నెసీ ఆ తర్వాత ఆస్పత్రిలో గంటల తరబడి బతికే ఉన్నాడు, మాట్లాడాడు కూడా, కానీ ఎవరి పేరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున పోయాడు.

మేయర్ జోసెఫ్ షేక్స్‌పియర్ (అవును, ఇంటిపేరు అదే, స్పెల్లింగ్ కాస్త తేడా) ఆ చుట్టుపక్కల కనబడ్డ ఇటాలియన్లందరినీ పట్టుకోమన్నాడు. వందల మందిని జైల్లో వేశారు. పేపర్లమ్మే మనిషొకడు నేరుగా జైలుకెళ్లి ఆంటోనియో స్కాఫీడి అనే ఖైదీని కాల్చి గాయపరిచాడు. విచారణ అప్పటికి మొదలే కాలేదు.

చివరికి పంతొమ్మిది మంది మీద నేరం మోపి, ముందు తొమ్మిది మందిని విచారించారు. 1891 మార్చి 13న తీర్పు. ఆరుగురు నిర్దోషులు. మిగిలిన ముగ్గురి విషయంలో జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. ఇంకో అభియోగం మిగిలుందని ఆ రాత్రికి అందరినీ తిరిగి జైల్లోనే ఉంచారు. మర్నాడు పొద్దున పేపర్లో ప్రకటన: కెనాల్ వీధిలో హెన్రీ క్లే విగ్రహం దగ్గర పదింటికి కలుద్దాం, సిద్ధమై రండి అని. కింద పేర్లతో సహా! వచ్చినవాళ్లు వేలల్లో. ముందు నడిచిన విలియం పార్కర్సన్ లాయరు. వెనక వ్యాపారులు, రాజకీయ నాయకులు, పత్రిక ఎడిటరు. గైడ్ చెప్పిన "కోపం పట్టలేని జనం" వీళ్లే అన్నమాట, ముహూర్తం పెట్టుకుని వచ్చిన జనం.

జైలు అధికారి ఖైదీలను గదుల్లోంచి వదిలేసి ఎక్కడైనా దాక్కోమన్నాడు. తొమ్మిది మందిని లోపలే కాల్చేశారు. ఇద్దరిని బయటికి లాక్కొచ్చి వేలాడదీశారు, ఒకణ్ని దీపస్తంభానికి, ఒకణ్ని చెట్టుకి. చనిపోయిన పదకొండు మందిలో ముగ్గురు నిర్దోషులని ముందురోజే తేలినవాళ్లు. ముగ్గురు తీర్పు తేలనివాళ్లు. ఐదుగురికి అసలు విచారణే జరగలేదు.

మాఫియా బాస్ అని అందరూ అన్న చార్ల్స్ మాట్రాంగా? జైల్లో దాక్కుని బతికిపోయాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఉన్నాడు.


లా_పాయింట్:

పాతపేపర్లు గారు బాగా రాశారు కానీ ఒక వైపే చెప్పారు. జ్యూరీని కొన్నారన్న ఆరోపణ సంగతి? డిఫెన్స్ తరఫున పనిచేసిన ప్రైవేట్ డిటెక్టివ్ ఓమాలీ మీద ఆ కేసు ఉంది, జ్యూరీకి పిలిచిన కొందరికి డబ్బు చూపించారని. గుంపు కోపానికి అదే కారణం. నేను విజయవాడలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను, సాక్షిని కొనడం ఎలా జరుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొనలేదని మీరు రుజువు చేయగలరా?

అలాగని గుంపు చేసింది సరైనదని అనడం లేదు. తర్వాత గ్రాండ్ జ్యూరీ (ఎవరి మీద నేరం మోపాలో తేల్చే పౌరుల బృందం) కూర్చుని, ఆ హత్యలకు ఒక్కరి మీద కూడా నేరం మోపక్కర్లేదని తేల్చింది. పేపర్లో పేర్లు వేసి పిలిచినవాళ్లను గుర్తుపట్టలేదంటే లా చదివినవాడిగా నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.


పాతపేపర్లు:

సార్, కొనడానికి ప్రయత్నం జరిగిందని నేనూ ఒప్పుకుంటా. ఆ నిందితుల్లో జోసెఫ్ మచేకా పండ్ల వ్యాపారంలో పెద్ద డబ్బున్నవాడు, లాయర్లను బాగానే పెట్టుకున్నాడు. కానీ సాక్ష్యం ఎలా ఉందో చూడండి. చీకట్లో, వాన పడ్డ రాత్రి, వీధిదీపం వెలుతురులో చూశామన్నవాళ్లు. కాల్పులు వచ్చాయన్న గుడిసెలో ఉన్నది మొనాస్టెరియో అనే చెప్పులు కుట్టేవాడు. ఇంకొకడు పొలీజి, కోర్టులో పిచ్చివాడిలా ప్రవర్తించాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు సైగ చేశాడన్నారు. ఇంత నీళ్ల సాక్ష్యం మీద జ్యూరీ వదిలేయడానికి లంచమే కావాలా?


గల్లీ_గొంతు:

ఓహో, అందరూ అమాయకులే. మరి చీఫ్‌ని కాల్చింది ఎవరు, దెయ్యమా?


పాతపేపర్లు:

ఎవరో ఇప్పటికీ తేలలేదు తమ్ముడూ. సిసిలీవాళ్లే అయ్యుండొచ్చు, నేను కాదనను. కానీ ఆ ఊళ్లో తుపాకీ పట్టడానికి సిసిలీలో పుట్టాల్సిన అవసరం లేదు. 1881లో ఈ హెన్నెసీయే, తన కజిన్‌తో కలిసి, డిటెక్టివ్ విభాగం పెద్ద థామస్ డెవెరోని పట్టపగలు కాల్చి చంపాడు. ఆత్మరక్షణ అని కోర్టు వదిలేసింది. ఏడేళ్లకు అదే మనిషి ఆ ఊరికే పోలీస్ చీఫ్. హెన్నెసీది ఐరిష్ వంశం. ఐరిష్‌వాళ్లు హత్యలను రక్తంలోనే తెచ్చుకున్నారని ఎవరన్నా రాశారా?


శారద_హ్యూస్టన్:

అందరూ శవాల దగ్గరే ఆగిపోయారు. అసలు సిసిలీవాళ్లు అక్కడికెందుకు వచ్చారో ఎవరూ అడగలేదే!

1865లో బానిసత్వం పోయాక లూసియానా చెరకు తోటల యజమానులకు టెన్షన్ పట్టుకుంది. విడుదలైన నల్లజాతివాళ్లు జీతం అడుగుతున్నారు, మానేసి పోతున్నారు. వాళ్ల స్థానంలో కూలికి ఎవరినైనా తేవాలి. చైనావాళ్లను తెచ్చి చూశారు, కుదరలేదు. పలెర్మో నుంచి నిమ్మకాయల ఓడలు ఎలాగూ వస్తున్నాయి, వాటిలోనే మనుషులూ రావడం మొదలైంది. పన్ను భారం, భూమి లేకపోవడం, కరువు, అక్కడి బాధలు అక్కడివి. చెరకు నరికే సీజన్‌కి అక్టోబర్‌లో వచ్చి, పని అయ్యాక కొందరు వెనక్కి పోయేవాళ్లు, ఎక్కువమంది ఉండిపోయారు. నాలుగు డబ్బులు చేతిలో పడగానే తోట వదిలేసి పట్నంలో కూరగాయల బండి పెట్టుకోవడమే వాళ్ల పద్ధతి. ఫ్రెంచ్ క్వార్టర్ అప్పుడు పెద్దింటివాళ్లు వదిలేసిన పాతబస్తీ. దాన్ని "లిటిల్ పలెర్మో" అనేవాళ్లు. ఇప్పుడు మనం ఫొటోలు దిగే ఆ బాల్కనీల కింద ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, ముంగిట్లో మేక.

యజమానులకు కావలసింది నోరెత్తని కూలీ. వచ్చినవాళ్లేమో కొన్నేళ్లలోనే పండ్లు, చేపలు, కిరాణా వ్యాపారాల్లో పోటీకి దిగారు. వక్కారో అన్నదమ్ముల కుటుంబం సిసిలీలో కాంటెస్సా ఎంటెల్లినా అనే చిన్న ఊరినుంచి వచ్చింది. హోండురాస్‌ నుంచి అరటిపండ్లు తేవడం మొదలుపెట్టి చివరికి స్టాండర్డ్ ఫ్రూట్ అనే మహా కంపెనీ కట్టారు. ఐస్ ఫ్యాక్టరీలు వరుసగా కొన్నారు, పండ్లు చల్లగా ఉండాలి కదా. ఆ ఊరివాళ్ల సంఘం 1886లో పెట్టుకున్నది, సావుకీ రోగానికీ డబ్బు వేసుకుని ఆదుకునే సంఘం. ఇలాంటి సంఘాలను ఆనాటి పేపర్లు "రహస్య సంఘాలు" అని రాసేవి. చిట్టీ కట్టుకున్నా నేరమే అన్నమాట.

హెన్నెసీని కాల్చినవాడు ఎవడైనా కానీ, ఆ పదకొండు మందిలో రేవులో బరువులు మోసేవాళ్లు, పండ్లు అమ్మేవాళ్లే ఎక్కువ. ఆ శవాలను చూసి ఊరు నేర్చుకున్న పాఠం మాఫియా గురించి కాదు, మీ స్థానంలో మీరు ఉండండి అని.


కడప_కుర్రోడు:

ఇది చదువుతుంటే నాకు వేరేది గుర్తొస్తోంది. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకడిగితే, "ఏ ఊరు బాబూ?" అంటారు. కడప అనగానే ఓనర్ మొహంలో సుమోలు ఎగురుతాయి. మా నాన్న బ్యాంకు క్లర్కు, మా ఇంట్లో కూరగాయల కత్తి తప్ప ఏమీ లేదు. మా దగ్గర ఫ్యాక్షన్ లేదని నేననను, మా పక్క ఊళ్లోనే చూశాను. కానీ ఫ్యాక్షన్ వల్ల ముందు చచ్చింది మావాళ్లే కదా అన్నా, ఆ సంగతి ఎవరికీ పట్టదు.


గల్లీ_గొంతు:

బ్రదర్, నీ బాధ అర్థమైంది కానీ పోలిక కుదరదు. మీరు పరాయి దేశంనుంచి వలస పోలేదు, భాష రాక ఇబ్బంది పడలేదు. పైగా మనవాళ్లే హీరోను చేసి సినిమాలు తీసుకున్నారు, అమెరికావాళ్లు తీయలేదు.

సరే, 1891 పక్కన పెడదాం. నేను ఒప్పుకుంటా, అప్పుడు అన్యాయమే జరిగింది. మరి 1907? వాల్టర్ లామానా అని ఎనిమిదేళ్ల పిల్లాణ్ని ఎత్తుకుపోయారు. తండ్రి అంత్యక్రియల వ్యాపారం చేసే ఇటాలియన్. ఆరు వేల డాలర్లు ఇమ్మని ఉత్తరం. చివరికి పిల్లాడి శవం ఊరి బయట చిత్తడిలో దొరికింది. బెదిరింపు ఉత్తరం రాసి డబ్బు గుంజే ఆ "బ్లాక్ హ్యాండ్" పద్ధతి ఏ ఊరినుంచి వచ్చింది? ఇది కూడా తోట యజమానుల తప్పేనా శారద గారూ?


శారద_హ్యూస్టన్:

కాదు. అది వాళ్ల తప్పే. కానీ ఆ ఉత్తరం ఎవరికి వచ్చిందో మీరే రాశారు, ఇటాలియన్ తండ్రికి. సెయింట్ చార్ల్స్ అవెన్యూలో పెద్ద బంగళాలవాళ్లకు రాలేదు. పోలీసుల దగ్గరికి పోడని తెలిసినవాడికే అలాంటి ఉత్తరం రాస్తారు. పదహారేళ్ల క్రితం జైల్లో ఏమైందో చూసిన మనిషి ఏ ధైర్యంతో పోలీసు గడప తొక్కుతాడు? మూకహత్య మాఫియాను ఆపలేదు, దానికి ఎరువు వేసిందంటాను నేను.


పాతపేపర్లు:

దీనికి ఒక ముక్క కలుపుతా, శారద గారి వాదానికి కొంచెం అడ్డం కూడా. లామానా కేసులో తండ్రి పోలీసులకు చెప్పాడు. ఇటాలియన్లే కమిటీ వేసుకుని, ఇంటింటికీ తిరిగి, పోలీసులకు ఆనవాళ్లు ఇచ్చి పట్టించారు. దోషి అయిన ఇటాలియన్‌కి ఉరి పడింది, కోర్టు ద్వారా. "వీళ్లు నోరు విప్పరు" అన్న కథకు ఇంతకన్నా పెద్ద ఎదురుసాక్ష్యం ఏముంది? టూర్లలో ఇది చెప్పరు. పిల్లాడి చావు చెప్తే టికెట్లు అమ్ముడుపోవనేమో.


లా_పాయింట్:

అసలు మాఫియా గురించి మాట్లాడదాం. నా దృష్టిలో న్యూ ఆర్లీన్స్‌లో వ్యవస్థగా నిలబడిన నేరం 1930లలో మొదలైంది, అది రేవులో కాదు, గవర్నర్ ఆఫీసు చుట్టూ. న్యూయార్క్‌లో మేయర్ లాగార్డియా (ఆయనా ఇటాలియనే, గమనించండి) స్లాట్ మెషిన్లను (నాణెం వేసి ఆడే జూదపు యంత్రాలు) సుత్తితో పగలగొట్టించి, వాటిని నడిపే మాఫియా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లోని తరిమాడు. కాస్టెల్లో ఆ మెషిన్లను లూసియానాకు పంపాడు. హ్యూయీ లాంగే రమ్మన్నాడని తర్వాత తనే చెప్పాడు. లాంగ్ ఎవరు? అప్పటికి సెనేటర్, అంతకుముందు గవర్నర్, రాష్ట్రం మొత్తం గుప్పిట్లో పెట్టుకున్నవాడు. ఒక్క చుక్క సిసిలీ రక్తం లేదు. కాస్టెల్లోది కూడా సిసిలీ కాదు, ఇటలీలోనే ఇంకో ప్రాంతం, కలాబ్రియా.

ఆ మెషిన్లను ఊళ్లో నడపడానికి దొరికిన కుర్రాళ్లలో ఒకడు కార్లోస్ మార్సెల్లో. తల్లిదండ్రులు సిసిలీవాళ్లు, పుట్టింది 1910లో ట్యూనిస్‌లో, చేతుల్లో బిడ్డగా వచ్చాడు. అంటే బయూబాబు గారి ప్రశ్నకు జవాబు: ఆయన సిసిలీ చూడలేదు. నేర్చుకున్నదంతా లూసియానాలోనే.

1951లో నేర ముఠాల మీద విచారణ చేస్తున్న సెనేటర్ కెఫావర్ కమిటీ న్యూ ఆర్లీన్స్ వచ్చి ప్రశ్నిస్తే వందకు పైగా సార్లు "జవాబు చెప్పను" అన్నాడు. బయట అడిగితే మాత్రం టమాటాలు అమ్ముకునే సేల్స్‌మన్‌ని అనేవాడు. 1961లో రాబర్ట్ కెనడీ అటార్నీ జనరల్‌గా ఉండి ఆయన్ని విమానం ఎక్కించి గ్వాటెమాలాలో దించాడు, అదీ ఆయన పుట్టాడని దొంగ కాగితం ఉన్న దేశంలో! కొన్ని వారాలకే ఎలాగో తిరిగొచ్చాడు. కోర్టుల చుట్టూ తిరుగుతూ, షెరీఫులతో (అక్కడి జిల్లా పోలీసు పెద్దలు) చేయి కలిపి, 1980ల దాకా నడిపాడు. 1981లో రాష్ట్ర బీమా కాంట్రాక్టుల కోసం లంచాల కేసులో శిక్ష పడింది, అదీ కొన్నేళ్ల తర్వాత పై కోర్టులో కొట్టేశారు. 1993లో పోయాడు.

బీమా కాంట్రాక్టు! తుపాకీ కాదు. దీన్ని సిసిలీ సంప్రదాయం అంటారా, లూసియానా సంప్రదాయం అంటారా?


గల్లీ_గొంతు:

రాబర్ట్ కెనడీ అనగానే గుర్తొచ్చింది. జాన్ కెనడీని చంపించింది కూడా మార్సెల్లోనే అంటారు కదా? 1979లో పార్లమెంట్ కమిటీ...


నిర్వాహకుడు:

కెనడీ హత్యకు వేరే చర్చ ఉంది, 214 కామెంట్ల దగ్గర తాళం వేసి ఉంది. దయచేసి ఇక్కడ తెరవద్దు.


గల్లీ_గొంతు:

సరే సార్. కానీ నా పాయింట్ పోలేదు. లా_పాయింట్ గారు షెరీఫులూ సెనేటర్లూ అన్నారు, బాగుంది. కానీ మార్సెల్లో తన చుట్టూ ఎవర్ని పెట్టుకున్నాడు? తమ్ముళ్లను. నమ్మకం అన్నది ఇంటిపేరు మీద, ఊరి పేరు మీద నడిచింది. ఆ నమ్మకం సిసిలీనుంచి వచ్చిందే. లంచం తీసుకునే షెరీఫు ఎక్కడైనా దొరుకుతాడు, నోరు మూసుకునే ముప్ఫై మంది బంధువులు ఎక్కడైనా దొరకరు. రెండూ కలిస్తేనే ఆ వ్యాపారం. మీరందరూ రెండో సగాన్ని చూడటం లేదు, ఎక్కడ జాతిని తిట్టినట్టవుతుందో అని.


పాతపేపర్లు:

ఈ మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తా. బంధుత్వం నేరానికి పనికొస్తుంది. అదే బంధుత్వం వక్కారోల అరటి కంపెనీకి కూడా పనికొచ్చింది, కాంటెస్సా సంఘం చావు ఖర్చులకూ పనికొచ్చింది. ఒకే సరుకు, మూడు వంటలు. గైడ్ ఒక్క వంటే వడ్డిస్తున్నాడు, నా గొడవ అంతే.


శారద_హ్యూస్టన్:

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, అందుకని మళ్లీ వచ్చా. సిసిలీవాళ్లను పూర్తిగా పూజించకండి కూడా. 1868 ఎన్నికలప్పుడు "ఇన్నోసెంట్స్" అనే పేరుతో సిసిలీవాళ్ల క్లబ్బు ఒకటి, నల్లజాతివాళ్లను వీధుల్లో తరిమి కొట్టిన గుంపుల్లో ఉంది. అంటే వచ్చిన కొత్తలోనే ఎవరి పక్కన నిలబడితే లాభమో కొందరికి అర్థమైంది.

రెండో వైపు, 1899లో ఇదే రాష్ట్రంలో టలూలా అనే చిన్న ఊళ్లో ఐదుగురు సిసిలీ దుకాణదారులను గుంపు ఉరితీసింది. గొడవ మొదలైంది ఒక మేక మీద. నల్లవాళ్లను సమానంగా చూస్తూ వ్యాపారం చేస్తున్నారన్న కడుపుమంట ఆ ఊళ్లో తెల్లవాళ్లకు అప్పటికే ఉందని చరిత్రకారులు రాశారు. ఈ రెండూ ఒకే సముదాయం కథే.

ఇంకోటి. 1891 హత్యల తర్వాత ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది, యుద్ధం వస్తుందని పుకార్లు. చివరికి 1892లో అమెరికా 25,000 డాలర్లు పరిహారం ఇచ్చింది. అదే ఏడాది ప్రెసిడెంట్ హారిసన్ కొలంబస్ నాలుగు వందల ఏళ్ల పండుగ చేయమని ప్రకటన ఇచ్చాడు, ఇటాలియన్లను చల్లబరచడం కూడా అందులో ఉందని చాలామంది అంటారు. ఆ పరిహారం కూడా ఇటలీ పౌరులుగా ఉన్నవాళ్ల కుటుంబాలకే. అదే దశాబ్దంలో అదే రాష్ట్రంలో గుంపులు చంపిన నల్లజాతివాళ్లు ఎంతమంది! వాళ్ల తరఫున వెనక్కి పిలవడానికి ఏ దేశానికి రాయబారి ఉన్నాడు?


కడప_కుర్రోడు:

ఈ కామెంట్ దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది మేడమ్.


లా_పాయింట్:

శారద గారూ, పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఆనాటి పెద్దమనుషుల మాటలు చూస్తే ఇంకా తెలుస్తుంది. తర్వాత ప్రెసిడెంట్ అయిన థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ వారంలోనే అక్కకు రాసిన ఉత్తరంలో ఆ మూకహత్య మంచిదే అన్న ధోరణిలో రాశాడు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం సిసిలీవాళ్లను బందిపోట్ల సంతానం అని తిట్టింది. ఇవి గల్లీ కబుర్లు కావు, అచ్చు కాగితాలు. "మాఫియా" అన్న మాట అమెరికాలో ఇంటింటికీ చేరింది కూడా ఆ ఏడాది వార్తల్లోనే. నేరం గట్టిపడటానికి దాదాపు నలభై ఏళ్ల ముందే పేరు గట్టిపడింది.


బయూబాబు:

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. నేను కొంచెం చెప్తా.

2019 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్ మేయర్ లటోయా కాంట్రెల్ ఊరి తరఫున ఆ పదకొండు మంది విషయంలో అధికారికంగా క్షమాపణ చెప్పారు. ఆవిడ నల్లజాతి మహిళ, ఆ ఊరికి మొదటి మహిళా మేయర్. శారద గారి కామెంట్ చదివాక ఇది నాకు ఇంకోలా కనిపిస్తోంది. మా కొలీగ్‌ని అడిగితే, వాళ్ల పెద్దమ్మ ఆ వార్త చూసి, "నూట ఇరవై ఎనిమిదేళ్లు. కనీసం ఫోన్ చేశారు," అందట.

వాళ్లింటికి మార్చి 19న పిలిచారు, సెయింట్ జోసెఫ్ పండుగ. అక్కడ బల్ల కట్టడం అంటారు. మూడు మెట్లుగా పెద్ద బల్ల వేసి దాని నిండా రొట్టెలు, కేకులు, చేపలు, ఆకుకూరలు, నిమ్మకాయలు. మాంసం ఉండదు, లెంట్ (ఈస్టర్‌కు ముందు ఉపవాసాల కాలం) రోజులు కాబట్టి. చేప పక్కన పెడితే మాలాంటివాళ్లకు పండగే. సిసిలీలో కరువొచ్చినప్పుడు జోసెఫ్‌కి మొక్కుకుంటే వాన పడిందట, అప్పుడు మిగిలిన పంట గుర్రాలకు వేసే ఒక రకం చిక్కుడు గింజలేనట. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతిలో ఒక ఎండు గింజ పెడతారు, పర్సులో ఉంచుకుంటే డబ్బు తరగదంటారు. నా పర్సులో రెండేళ్లుగా ఉంది. తరగడం మాత్రం ఆగలేదు. బంధువులే కాదు, దారినపోయేవాళ్లు కూడా వచ్చి తినొచ్చు. ఆ రోజు ఒక ముసలాయన నా పక్కన కూర్చుని, మార్సెల్లో ఏటా బీదవాళ్లకు ఏమేమి పంచేవాడో చెప్పాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, "పంచినవి చెప్తావు, తీసుకున్నవి చెప్పవు" అంది. ఈ చర్చలో ఇంత రాశాక కూడా నాకు ఆ ఇద్దరిలో ఎవరి పక్కన కూర్చోవాలో తేలలేదు.

సరే, నిన్న ఆ టూర్ వాళ్లకు మెయిల్ కొట్టాను. ముగ్గురిని ముందురోజే కోర్టు నిర్దోషులందని ఎందుకు చెప్పరు, పేపర్లో ప్రకటన వేసి పిలిచారని ఎందుకు చెప్పరు, లామానా కేసులో ఇటాలియన్లే దొంగలను పట్టించారని ఎందుకు చెప్పరు, అని మూడు ప్రశ్నలు.


పాతపేపర్లు:

జవాబు వచ్చిందా?


బయూబాబు:

వచ్చింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని, ఈసారి వస్తే ఇరవై శాతం తగ్గింపు కూపన్.


గల్లీ_గొంతు:

ఆ కూపన్ నాకు పంపన్నా. డిసెంబర్‌లో డల్లాస్ వస్తున్నా, అటునుంచి వస్తా. ఆ మూడు ప్రశ్నలు గైడ్‌ని నేను నిలబెట్టి అడుగుతా. నాలుగోది నా సొంతది కూడా ఉంది.